ఒకరికి కబుర్లలా ఉంది, ఇంకొకరికి జీవోలా ఉంది

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, కంపెనీ బయటపెట్టొద్దన్నారు. ఆ వివరాలు తీసేసి, మిగతాది కుదించి ఇస్తున్నాను.

ఆమెకు 29 ఏళ్లు. సొంతూరు నరసరావుపేట దగ్గర ఓ పల్లె. పదో తరగతి వరకు తెలుగు మీడియం. బీటెక్ అయ్యాక ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆరేళ్లు టెస్టర్‌గా చేశారు. ఎనిమిది నెలల క్రితం అక్కడే టెక్నికల్ రైటర్ ఉద్యోగం ఖాళీ అయితే అడిగి మరీ అందులోకి మారారు. దుకాణాలు ఆన్‌లైన్‌లో డబ్బులు తీసుకోవడానికి, అవసరమైతే తిరిగి ఇవ్వడానికి వాడే ఏపీఐ (ఒక యాప్ ఇంకో సంస్థ సర్వర్‌తో మాట్లాడే మార్గం) వాళ్లది. దాన్ని తమ యాప్‌లలో కలుపుకునే బయటి ప్రోగ్రామర్ల కోసం ఇంగ్లిష్‌లో డాక్యుమెంటేషన్ (ఎలా వాడాలో చెప్పే పేజీలు) రాయడం ఈమె పని.

“మొదట రీఫండ్ పేజీ ఇచ్చారు. అమెరికాలో ఉండే ప్రొడక్ట్ మేనేజర్ గారు ‘ఫ్రెండ్లీగా ఉండాలి, పక్కన కూర్చుని చెబుతున్నట్టు ఉండాలి’ అన్నారు. అలాగే రాశాను. ఇక్కడి మా టీమ్ లీడ్ గారు చూసి ‘ఇది వాట్సాప్ మెసేజా? క్లయింట్లు చదివేది’ అని వెనక్కి పంపారు. రెండోసారి ఫార్మల్‌గా రాశాను. ఈసారి ప్రొడక్ట్ మేనేజర్ గారు ‘లీగల్ నోటీసులా ఉంది, ఎవరు చదువుతారు?’ అని కామెంట్ పెట్టారు. ఇద్దరి మధ్య ఆ ఒక్క పేజీ ఐదుసార్లు తిరిగింది” అని రాశారు.

విసిగిపోయి, తోటి ఉద్యోగి సలహా మీద ఆ పేజీని ఒక ఏఐ టూల్‌లో వేసి నున్నగా చేయించారు. అది ఇద్దరికీ నచ్చింది. పేజీ బయటికి వెళ్లింది. మూడు వారాల తర్వాత ఒక క్లయింట్ నుంచి ఫిర్యాదు వచ్చింది, కొందరు కస్టమర్లకు రీఫండ్ రెండేసి సార్లు వెళ్లిందని. వెతికితే, ఐడెంపొటెన్సీ కీ (ఒకే అభ్యర్థన రెండోసారి వస్తే సర్వర్ గుర్తుపట్టడానికి దానితో పంపే గుర్తు) గురించి ఈమె మొదట ‘తప్పనిసరిగా పంపాలి’ అని రాసిన చోట ఆ టూల్ ‘పంపడం మంచిది’ అని మార్చి ఉంది. మీటింగ్‌లో పదకొండు మంది ముందు ఆ వాక్యాన్ని స్క్రీన్ మీద పెట్టి చూపించారట.

“అప్పటి నుంచి ఏ వాక్యం రాసినా టెన్షన్. నాకు ఇంగ్లిష్ సరిగా రాదు కాబట్టే ఇలా అవుతోందనిపిస్తోంది. మా ఆయన స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో చేరమంటున్నారు. మార్చిలో అప్రైజల్. ఈలోపే టెస్టింగ్‌కి వెనక్కి వెళ్లిపోనా? టెస్టర్‌గా ఉన్నప్పుడు నా బగ్ రిపోర్టుల మీద ఎవరూ ఒక్క మాట అనలేదు” అంటూ తన రెండు డ్రాఫ్టులూ, ఒక పాత బగ్ రిపోర్టూ జతచేశారు. చివర్లో ఇంకో ప్రశ్న. దుకాణదారుల కోసం తెలుగులో సహాయ పేజీలు కూడా ఈమెనే రాయమన్నారు. “తెలుగు కదా, ధైర్యంగా రాసేస్తాననుకున్నాను. ‘నొక్కుము’ అనాలా ‘నొక్కండి’ అనాలా, ‘దయచేసి’ ఎన్నిసార్లు పెట్టాలి? అక్కడా అదే తంటా.”

అమ్మా, మీ ఉత్తరం చదివాను. జతచేసిన కాగితాలు ఇంకా జాగ్రత్తగా చదివాను. ముందుగా ఒక విషయం స్పష్టంగా చెప్పనివ్వండి. మీ రెండు డ్రాఫ్టుల్లోనూ ‘తప్పనిసరిగా’ అనే మాట ఉంది. ఉండాల్సిన చోటే ఉంది. తప్పు జరిగింది మీ ఇంగ్లిష్‌ను వేరేవాళ్ల చేత దిద్దించినప్పుడు. మీకు భాష రాకపోవడం వల్ల ఆ క్లయింట్ డబ్బు పోలేదు. మీ భాష మీద మీకు నమ్మకం పోయిన రోజున, కరెక్టుగా ఉన్న మాట మీ చేతిలోంచి జారిపోయింది. ఈ రెండూ వేరు. రెండోదానికి మందు స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో దొరకదు.

ఇప్పుడు మీ పేజీ దగ్గరికి వద్దాం. అందరికీ అర్థమయ్యేలా మీ డ్రాఫ్టుల్లోని ఆ భాగాన్ని తెలుగులో చెబుతాను. మొదటిది ఇలా ఉంది: “రీఫండ్ ఫెయిల్ అయిందా? కంగారేం లేదు! ఇంకోసారి ట్రై చేయండి, చాలా సింపుల్! అన్నట్టు, ఐడెంపొటెన్సీ కీ మాత్రం తప్పనిసరిగా పంపాలి.” రెండోది: “రీఫండ్ అభ్యర్థన విఫలమైన పక్షంలో పునఃప్రయత్నం చేయబడవచ్చును. సదరు అభ్యర్థనతో పాటు ఐడెంపొటెన్సీ కీ తప్పనిసరిగా పంపబడవలెను.”

మీ లీడ్ గారికి మొదటిది నచ్చలేదు, మేనేజర్ గారికి రెండోది నచ్చలేదు. ఇద్దరూ చూసింది పైన వేసిన చొక్కా. లోపలి మనిషిని ఎవరూ చూడలేదు. ఈ రెండు డ్రాఫ్టులూ ఒకే విషయాన్ని వదిలేశాయి. రెండోసారి పంపేటప్పుడు కొత్త కీ పంపాలా, పాత కీనే పంపాలా? చెప్పలేదు. పంపకపోతే ఏమవుతుంది? అదీ చెప్పలేదు. నేను ఆ క్లయింట్ దగ్గర పని చేసే ప్రోగ్రామర్‌నైతే, ప్రతి కాల్‌కీ ఒక కొత్త కీ తయారుచేసి పంపే కోడ్ రాసి, ‘చెప్పినట్టే పంపుతున్నాను కదా’ అనుకునేదాన్ని. డబ్బు రెండుసార్లే వెళ్లేది. అంటే ‘తప్పనిసరిగా’ చెక్కుచెదరకుండా బయటికి వెళ్లి ఉన్నా ఆ పేజీలో గొయ్యి అలాగే ఉండేది. మిమ్మల్ని బాధపెట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. టోన్ గురించి ఐదుసార్లు కొట్టుకునే హడావిడిలో ముగ్గురు తెలివైన మనుషులు దీన్ని చూడలేకపోయారని చెబుతున్నాను.

కిరాణా కొట్టు దగ్గర ఫోన్‌లో డబ్బు పంపుతాం. చక్రం తిరుగుతూనే ఉంటుంది. వెళ్లిందో లేదో తెలియదు. వెనక నలుగురు నిలబడి ఉంటారు. కొట్టు ఆయన ‘నాకు రాలేదమ్మా’ అంటాడు. మళ్లీ పంపుతాం. ఐదు నిమిషాలకు రెండు మెసేజ్‌లూ వస్తాయి. మీ రీఫండ్ పేజీ చదివే ప్రోగ్రామర్ ఉన్నది సరిగ్గా ఆ నిమిషంలోనే. అతనికి వచ్చింది టైమ్ అవుట్. ‘ఫెయిల్ అయింది’ అంటే డబ్బు వెళ్లలేదని అర్థం. ‘టైమ్ అవుట్ అయింది’ అంటే వెళ్లిందో లేదో తెలియదని అర్థం. రెండు డ్రాఫ్టుల్లోనూ మీరు ‘ఫెయిల్’ అన్నారు. అతను రాత్రి ఒంటిగంటకు ఆన్‌కాల్ డ్యూటీలో ఉండి, పక్కన ఫోన్ మోగుతుంటే ఈ పేజీ తెరిచాడనుకోండి. అతనికి ‘కంగారేం లేదు’ అని చెబితే కోపం వస్తుంది. ‘సదరు’ అని చెబితే కళ్లు జారిపోతాయి. అతనికి కావాల్సింది ఇది:

“రీఫండ్ పంపాక జవాబు రాకుండా టైమ్ అవుట్ అయితే, డబ్బు వెళ్లిందో లేదో మీకు అప్పటికి తెలియదు. మళ్లీ పంపేటప్పుడు, మొదటిసారి పంపిన ఐడెంపొటెన్సీ కీనే తప్పనిసరిగా పంపాలి. కీ అదే అయితే మా సర్వర్ రెండోసారి డబ్బు పంపదు, మొదటి ఫలితాన్నే తిరిగి ఇస్తుంది. కొత్త కీ పంపితే దాన్ని కొత్త రీఫండ్‌గా తీసుకుంటుంది. అప్పుడు కస్టమర్‌కు రెండుసార్లు డబ్బు వెళ్తుంది.”

ఇది ఫ్రెండ్లీనా, ఫార్మలా? ఇది చదివినవాళ్లకు ఆ ప్రశ్నే రాదు. అందులో ‘మీకు’ ఉంది, ‘మా సర్వర్’ ఉంది. ఎవరు ఏం చేయాలో, ఎవరు ఏం చేస్తారో తెలుస్తోంది. ‘పంపబడవలెను’ అన్నప్పుడు ఎవరు పంపాలో మాయమైపోతుంది. కీ క్లయింట్ తయారుచేయాలా, మీ సర్వర్ ఇస్తుందా అని చదివేవాడు వెతుక్కోవాలి. డాక్యుమెంటేషన్‌లో కర్త కనిపించకపోవడం నాకు అందుకే భయం. మర్యాద కోసం అలా రాస్తున్నామనుకుంటాం. చదివేవాడికి మాత్రం పని ఎవరిదో తెలియకుండా పోతుంది.

మీరు జతచేసిన బగ్ రిపోర్టు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. “కార్ట్‌లో ఒకే వస్తువు రెండుసార్లు వేసి, ఒకటి తీసేస్తే మొత్తం బిల్లు సున్నా చూపిస్తోంది. క్రోమ్‌లో ప్రతిసారీ వస్తోంది, ఫైర్‌ఫాక్స్‌లో రాలేదు. వేర్వేరు వస్తువులతో పది సార్లు ప్రయత్నించాను, రాలేదు. రావాల్సిన మొత్తం 450, చూపిస్తున్నది 0.” ఇందులో ఒక్క అలంకారం లేదు, ఒక్క క్షమాపణ లేదు, ఒక్క ‘కైండ్లీ’ లేదు. ఇది రాసేటప్పుడు మీ ఇంగ్లిష్ ఎలా వినిపిస్తుందోనని మీరు ఆలోచించి ఉండరు. అవతలి డెవలపర్ తన మెషిన్ మీద ఇదే తప్పును మళ్లీ రప్పించగలడా లేదా, అదొక్కటే మీ మనసులో ఉండి ఉంటుంది. ఆరేళ్లపాటు మీరు రాసింది ఆ గొంతుతోనే. రైటర్ అనే హోదా రాగానే అది సరిపోదనుకుని పక్కన పెట్టేశారు. మీకు కావాల్సిన టోన్ అదే. దాన్ని వెనక్కి తెచ్చుకోండి.

ఇక ఆ ‘తప్పనిసరిగా’, ‘మంచిది’ సంగతి. సాహిత్యంలో అవి దగ్గర మాటలు కావచ్చు. మన పనిలో వాటి మధ్య డబ్బు ఉంటుంది. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ వాళ్లకు ఈ ఇబ్బంది ఎప్పుడో ఎదురైంది. 1997 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 2119 అని చిన్న పత్రం ఒకటి ఇచ్చి, మస్ట్ అంటే ఏమిటి, షుడ్ అంటే ఏమిటి, మే అంటే ఏమిటి అని తేల్చేశారు. మస్ట్ అంటే మినహాయింపు లేదు. షుడ్ అంటే గట్టి కారణం ఉంటే తప్పించుకోవచ్చు, కానీ దాని పర్యవసానం పూర్తిగా తెలుసుకున్నాకే. మే అంటే నిజంగానే మీ ఇష్టం. 2017లో ఇంకో పత్రం తెచ్చి, పెద్ద అక్షరాల్లో రాసినప్పుడు మాత్రమే ఈ మాటలకు ఆ ప్రత్యేక అర్థం అని కూడా స్పష్టం చేశారు. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు కూడా కూర్చుని ఈ మూడు మాటలకు హద్దులు గీసుకోవాల్సి వచ్చింది. కాబట్టి ఇక్కడ తడబడితే అది తెలుగు మీడియం చదువు లోపం అనుకోకండి.

ఏఐ టూల్ వాడాలా వద్దా అనేది మీ ఇష్టం. వాడితే వేగం వస్తుంది, వ్యాకరణం సర్దుకుంటుంది. కానీ అది వాక్యాన్ని మెత్తబరుస్తుంది. హెచ్చరిక మెత్తబడితే అది హెచ్చరికగా మిగలదు. వాడదలిస్తే ముందే మీ పేజీలో మస్ట్, షుడ్, మే, నెవర్, ఓన్లీ అనే మాటలన్నిటి కింద గీత గీసుకోండి. అంకెలు, డీఫాల్ట్ విలువలు, ఎర్రర్ కోడ్‌ల కింద కూడా. టూల్ తిరిగి ఇచ్చాక ఆ గీతలన్నీ ఒక్కొక్కటిగా సరిచూడండి. మీరు టెస్టర్. రిగ్రెషన్ టెస్ట్ (మార్పు వల్ల పాతవి చెడలేదని చూసే పరీక్ష) చేయకుండా బిల్డ్ బయటికి వదలరు కదా. ఇదీ అంతే.

అసలు ఒక ప్రొడక్ట్ డాక్యుమెంటేషన్ మొత్తానికి ఒకే టోన్ ఉండాలని మీ ఇద్దరు పెద్దలూ అనుకుంటున్నారు. గొడవకు సగం కారణం అదే. డానియెలె ప్రొచీదా అనే ఆయన డయాటాక్సిస్ పేరుతో ఒక పద్ధతి చెప్పారు. ట్యుటోరియల్ (కొత్తవాళ్లకు పాఠం), హౌటు గైడ్ (ఒక పని చేసే తీరు), రిఫరెన్స్ (అవసరమైనప్పుడు చూసుకునే వివరాలు), వివరణ అని డాక్యుమెంటేషన్‌ను నాలుగు రకాలుగా విడదీస్తారు. ఆ నాలుగు గదులూ మీ కంపెనీలో అచ్చంగా అలాగే కట్టాల్సిన పని లేదు. ఆ విభజన వెనక ఉన్న ఆలోచన మాత్రం మీకు పనికొస్తుంది. మొదటిసారి ఏపీఐ కీ తీసుకుని, ఒక రూపాయి పేమెంట్ చేసి చూసే కుర్రాడికి పక్కన కూర్చుని చెప్పినట్టే చెప్పాలి. “ఇప్పుడు స్క్రీన్ మీద సక్సెస్ అని కనిపించాలి. కనిపించకపోతే మూడో స్టెప్‌లో కీ సరిగ్గా కాపీ అయిందో లేదో చూడండి.” ఇక్కడ మీ ప్రొడక్ట్ మేనేజర్ గారి మాట నూటికి నూరు పాళ్లు నిజం. అదే కుర్రాడు ఆరు నెలల తర్వాత ఒక పారామీటర్‌కు గరిష్ఠ పొడవు ఎంతో చూడటానికి రిఫరెన్స్ పేజీకి వస్తాడు. వందసార్లు వస్తాడు. మొదటిసారి నవ్వు తెప్పించిన చమత్కారం నాలుగోసారి అడ్డం పడుతుంది. అక్కడ మీ లీడ్ గారి మాట నిజం. మీ రీఫండ్ పేజీలో సమస్య ఏమిటంటే, అందులో ట్యుటోరియల్, రిఫరెన్స్, ప్రమాద హెచ్చరిక మూడూ కలిసిపోయాయి. ఇద్దరూ ఒకే పేజీని చూస్తూ వేర్వేరు పాఠకులను ఊహించుకున్నారు. ఇద్దరి ఊహా కరెక్టే. అందుకే పేజీ ఐదుసార్లు తిరిగింది.

‘సింపుల్’ అనే మాట గురించి ఒక్క క్షణం ఆగుతాను, ఎందుకంటే దాని వల్ల ఏం జరుగుతుందో నా కళ్లతో చూశాను. చాలా ఏళ్ల క్రితం ఒక ఇన్‌స్టలేషన్ గైడ్ రాశాను. ‘కేవలం ఈ ఒక్క కమాండ్ ఇస్తే చాలు’ అని అందులో ఉంది. కొత్తగా చేరిన ఒకబ్బాయి ఆ పేజీ ముందు రెండు రోజులు కూర్చున్నాడు. ఆ కమాండ్ పనిచేయడానికి ముందు ఇంకోటి ఇన్‌స్టాల్ చేయాలి. అది నేను రాయలేదు. ఎవరినైనా అడగొచ్చు కదా అంటే, ‘అందరికీ ఒక్క కమాండ్‌తో అవుతుందట, నాకే కావట్లేదంటే నన్ను ఉద్యోగంలో ఉంచుతారా అని భయమేసింది’ అన్నాడు. పేజీ రాసింది నేనేనని అతనికి తెలియదు. ఆ రోజు నుంచి ‘కేవలం’, ‘సులువుగా’, ‘తెలిసిందే కదా’ అనే మాటలు నా పేజీల్లోకి రానివ్వలేదు. సులువో కాదో చదివేవాళ్లు తేల్చుకుంటారు. మీ ఫ్రెండ్లీ డ్రాఫ్టులో ‘సింపుల్’ తొమ్మిది చోట్ల ఉంది. మీరు తెలుగు మీడియం నుంచి వచ్చి, ఇలాంటి పేజీల ముందు ఎన్ని రాత్రులు కూర్చుని ఉంటారో నేను ఊహించగలను. ఆ మాట ఎక్కడ గుచ్చుకుంటుందో మీకే బాగా తెలుసు.

ఇంకో మాట. ఫార్మల్‌గా ఉంటే గౌరవంగా ఉంటుందని మీ లీడ్ గారి నమ్మకం. 1971 నవంబర్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ తమ యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు రాసిన మొదటి మాన్యువల్‌లో ఒక్కో కమాండ్‌కు ఒక్కో చిన్న పేజీ. పేరు, వాడే తీరు, వివరణ, చివరికి దగ్గర్లో ‘బగ్స్’ అని ఒక విభాగం. ఈ ప్రోగ్రామ్‌లో ఇదిగో ఈ లోపం ఉంది అని రాసినవాళ్లే చెప్పేశారు. కొన్నిచోట్ల ఒక్క వాక్యం. పలకరింపులు లేవు, పెద్ద మాటలు లేవు. మాన్ పేజీలనే ఆ మాన్యువల్ పేజీల్లో ఆ విభాగం ఈ రోజుకీ ఉంది. వాటి మీద గౌరవం ఆ నిజాయితీ వల్లే వచ్చిందని నా అభిప్రాయం. అయితే క్లుప్తతకూ ఒక హద్దు ఉంటుంది. ఆ కాలంలోదే ఈడీ అనే టెక్స్ట్ ఎడిటర్ ప్రోగ్రామ్ మీరు ఏ తప్పు చేసినా ఒక ప్రశ్నార్థకం మాత్రం చూపించేది. మీ ఎర్రర్ మెసేజ్‌లు రాసేటప్పుడు ఆ దారి వద్దు. ఏం జరిగింది, డబ్బు కదిలిందా లేదా, ఇప్పుడు ఏం చేయాలి, ఈ మూడూ ఉండాలి.

ఇద్దరు పెద్దల మధ్య ఇప్పుడు మీరేం చేయగలరు? కొన్ని దారులు కనిపిస్తున్నాయి.

లీడ్ గారు చెప్పినట్టే అంతా ఫార్మల్‌గా రాసేయొచ్చు. మీ అప్రైజల్ ఆయన చేతిలో ఉంటే ఇది తేలిక దారి. రోజూ ఎదురుపడే మనిషితో గొడవ ఉండదు. కానీ కొత్త ప్రోగ్రామర్లు ఆ పేజీలు చదవకుండా సపోర్ట్‌కు టికెట్లు వేస్తారు. ఆరు నెలల్లో ఆ లెక్క మీ మేనేజర్ గారి ముందుకు వస్తుంది. అటువైపు మొగ్గి అంతా సరదాగా రాస్తే, మొదటి రోజు చదివేవాళ్లు సంతోషిస్తారు. ఇండియాలోనో బ్రెజిల్‌లోనో జపాన్‌లోనో కూర్చుని ఇంగ్లిష్‌ను రెండో భాషగా చదివేవాళ్లకు అమెరికన్ సరదాలు సగం అర్థం కావు. లీడ్ గారు ప్రతి పేజీనీ ఆపుతూనే ఉంటారు.

నేను మీ స్థానంలో ఉంటే మూడో దారి పట్టేదాన్ని. ఒక పేజీ రాసుకెళ్లండి. అందులో ‘మన టోన్ ఇలా ఉండాలి’ అనే విశేషణాలు వద్దు. ‘ఫ్రెండ్లీ’, ‘ప్రొఫెషనల్’ అనే మాటలకు ఎవరి అర్థం వాళ్లది. దాని బదులు, ట్యుటోరియల్ నుంచి ఒక పేరా, రిఫరెన్స్ నుంచి ఒకటి, ప్రమాద హెచ్చరిక ఒకటి, ఎర్రర్ మెసేజ్ ఒకటి నమూనాగా రాయండి. ఒక్కోదాని మీద ‘దీన్ని ఎవరు, ఏ పరిస్థితిలో చదువుతారు’ అని ఒక్క లైను. కింద నాలుగు నియమాలు. మస్ట్, షుడ్, మే అర్థాలు. ‘సింపుల్’ వాడం. ఆశ్చర్యార్థకాలు వాడం. చేయాల్సిన పనిని ఆజ్ఞారూపంలో నేరుగా చెబుతాం. పైథాన్ భాష వాళ్లు 2001లోనే పెప్ 257 అనే పత్రంలో డాక్‌స్ట్రింగ్ (కోడ్‌లోనే రాసే వివరణ) మొదటి లైను ‘ఇది చెయ్యి’ అన్నట్టుండాలి, ‘ఇది చేస్తుంది’ అన్నట్టు కాదు అని రాసి పెట్టుకున్నారు. అది చాలా చిన్న విషయం. అయినా ఒకచోట రాసి ఉంటే ప్రతి రివ్యూలో మళ్లీ వాదన రాదు. గూగుల్ తన డెవలపర్ డాక్యుమెంటేషన్‌కు పెట్టుకున్న శైలి నియమాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. విషయం తెలిసిన స్నేహితుడు చెప్పినట్టు ఉండాలని ఒకవైపు, వెకిలితనం, యాస మాటలు, ప్రతి స్టెప్‌కీ ప్లీజ్ వద్దని ఇంకోవైపు అందులో ఉంది. ఆ ఒక్క పేజీలోనే మీ ఇద్దరు పెద్దలకూ తమ మాట కనిపిస్తుంది.

ఈ దారిలోనూ ఇబ్బంది లేకపోలేదు. ఎనిమిది నెలల క్రితం వచ్చిన అమ్మాయి మాకు నియమాలు రాసిస్తుందా అని అనిపించొచ్చు. అందుకని ముందు లీడ్ గారికి విడిగా చూపించండి. ‘ఏ టోన్ కావాలండి?’ అని అడగకండి, మళ్లీ ‘ఫార్మల్’ అనే జవాబే వస్తుంది. ‘ఈ పేజీని క్లయింట్ దగ్గర ఎవరు, ఎప్పుడు తెరుస్తారండి?’ అని అడగండి. ఆయన అనుభవం ఉన్న మనిషి అయితే మీకు తెలియని రెండు విషయాలు చెబుతారు. అవి ఆ కాగితంలో చేర్చి, ‘లీడ్ గారి సూచనలతో’ అని రాసి మేనేజర్ గారికి పంపండి. మేనేజర్ గారు ఒప్పుకోకపోతే? అప్పుడు కూడా మీకు నష్టం లేదు. ఏ పేరా మీద తేడా ఉందో ఇద్దరి ముందూ కనిపిస్తుంది. వాళ్లిద్దరూ తేల్చుకోవాల్సిన విషయం ఇప్పటిదాకా మీ డ్రాఫ్టుల మీద తేలింది.

ఆ మీటింగ్ గురించి. పదకొండు మంది ముందు ఒకరి వాక్యాన్ని స్క్రీన్ మీద పెట్టడం సరైన పద్ధతి కాదు. మీకు అవమానంగా అనిపించడంలో తప్పు లేదు. మీ వంతు పొరపాటు ఒకటుంది, టూల్ ఇచ్చింది సరిచూడలేదు. ఆ పేజీని ఇద్దరు ఆమోదించారు, వాళ్ల వంతు వాళ్లకుంది. మీరు దీన్ని వదిలేయొచ్చు, కాలం గడిస్తే జనం మరిచిపోతారు. కానీ అప్రైజల్‌లో మీ వెర్షన్ ఎక్కడా ఉండదు. లేదా అర పేజీ నోట్ రాసి ఇవ్వొచ్చు. ఏం జరిగింది, ఏ వాక్యం ఎక్కడ మారింది, పేజీలో అసలే లేని సమాచారం ఏమిటి, ఇకముందు దేన్ని ఎలా సరిచూస్తాం. ఎవరి పేరూ వద్దు, క్షమాపణలూ వద్దు. మీ బగ్ రిపోర్టు గొంతుతో రాయండి. నేనైతే రెండోదే చేస్తాను.

పేజీ ఎంత బాగుందో తేల్చడానికి మీ ఇద్దరు పెద్దల కన్నా మంచి జడ్జి ఒకరు ఉన్నారు. మీ ఆఫీసులో కొత్తగా చేరిన ఫ్రెషర్‌ను అడిగి, రీఫండ్ పేజీ ఇచ్చి, టైమ్ అవుట్ వస్తే ఏం చేస్తావో కోడ్ రాయమనండి. మీరు పక్కన కూర్చోండి, నోరు విప్పకండి. అతను ఎక్కడ పైకి స్క్రోల్ చేసి మళ్లీ చదివాడో రాసుకోండి. ముగ్గురితో చేస్తే చాలు. ఆ కాగితంతో వెళితే లీడ్ గారితో మాట్లాడటం వేరుగా ఉంటుంది. ‘నాకు ఇలా అనిపించింది’ అనే చోట ‘ముగ్గురిలో ఇద్దరు ఇక్కడ కొత్త కీ తయారుచేశారు’ అనగలుగుతారు.

ఇంగ్లిష్ క్లాసు విషయంలో మీ వారు ప్రేమతోనే చెప్పి ఉంటారు. మీటింగుల్లో గొంతు విప్పడానికి అది పనికొస్తుందనుకుంటే చేరండి, మంచిదే. పేజీల కోసమైతే అవసరం లేదు. వాటికి బాగుండే డాక్యుమెంటేషన్ రోజూ ఒక అరగంట చదవడం, నచ్చిన పేరాను చేత్తో రాసుకోవడం ఎక్కువ ఉపయోగం. మన ఆఫీసుల్లో అలవాటైపోయిన ‘కైండ్లీ’, ‘డూ ద నీడ్‌ఫుల్’ లాంటివి మీ రెండో డ్రాఫ్టులో చాలా ఉన్నాయి. అవి తీసేస్తే చాలు, పేజీ సగం తేలికవుతుంది.

టెస్టింగ్‌కి వెనక్కి వెళ్లడం ఓడిపోవడం కాదు. ఆ పని మీకు నిజంగా ఇష్టమైతే సంతోషంగా వెళ్లండి. కానీ ఉత్తరంలో మీరు ‘అడిగి మరీ మారాను’ అని రాశారు. ఎందుకు అడిగారో ఒకసారి గుర్తు చేసుకోండి. ఈ భయంతో వెళితే అక్కడా ఇది వెంటే వస్తుంది. మార్చి వరకు ఆ ఒక్క పేజీ కాగితం, ఆ ముగ్గురు ఫ్రెషర్ల పరీక్ష చేసి చూడండి. ఆ తర్వాత కూడా ఆ ఆఫీసులో ఊపిరి ఆడకపోతే అప్పుడు నిర్ణయం తీసుకోవచ్చు. మీ చేతిలో చూపించడానికి పని ఉంటుంది. ఇంకో చోట రైటర్‌గానే అడగొచ్చు.

ఇక తెలుగు పేజీలు. ‘నొక్కుము’ వద్దు. అది పాత పాఠ్యపుస్తకాల్లో, పరీక్ష పేపర్లలో వినిపించే మాట. చదివే భాష మాట్లాడే భాషకు దగ్గరగా ఉండాలని గిడుగు రామమూర్తి గారు వందేళ్ల కిందటే పోరాడారు. ‘నొక్కండి’ సరిపోతుంది. ‘దయచేసి’ కూడా ప్రతి స్టెప్‌కీ అక్కర్లేదు. ఇంగ్లిష్ క్రియలో మర్యాద లేదు కాబట్టి వాళ్లు ప్లీజ్ చేర్చుకుంటారు. మనకు ‘అండి’లోనే ఆ మర్యాద ఉంది. మీ వల్ల వాళ్లకు ఇబ్బంది కలిగినప్పుడు, కాసేపు ఆగమనాల్సి వచ్చినప్పుడు ‘దయచేసి’ వాడండి, అప్పుడు దానికి విలువ ఉంటుంది. బటన్ల మీద మాటల దగ్గర మాత్రం ఆలోచించండి. కొన్ని యాప్‌లలో ‘రద్దు చేయి’ అని ఉంటుంది, కొన్నింటిలో ‘రద్దు చేయండి’ అని. నాకు మొదటిదే నచ్చుతుంది. బటన్ మీద మాట మనం ఫోన్‌కు చెప్పేది, ఫోన్‌కు ‘అండి’ అక్కర్లేదు. దాని పైన ఉండే సూచన ఫోన్ మనకు చెప్పేది, అక్కడ ‘అండి’ ఉండాలి. మీ టీమ్‌లో వేరే అభిప్రాయం ఉంటే అదైనా పర్వాలేదు, కానీ యాప్ మొత్తం ఒకేలా ఉంచండి. ‘రీఫండ్’ను ‘ప్రత్యర్పణ’ అని మార్చకండి. కొట్టు ఆయన ‘రీఫండ్’ అనే అంటాడు, లేదా ‘డబ్బులు వెనక్కి’ అంటాడు.

ఈసారి ఊరెళ్లినప్పుడు ఆ తెలుగు పేజీలు ప్రింట్ తీసుకెళ్లండి. మీకు తెలిసిన కిరాణా కొట్టులో, మధ్యాహ్నం బేరాలు తక్కువగా ఉన్నప్పుడు, ఆయనకు చదివి వినిపించండి. ‘అంటే ఏంటమ్మా?’ అని ఆయన ఎక్కడ అడిగితే అక్కడ ఆగి, మీరు నోటితో చెప్పిన జవాబును వెంటనే పక్కన రాసుకోండి. పేజీలో ఆ వాక్యాన్నే పెట్టండి.